మీరు అడిగారు, డాక్టర్ చెప్పారు: వెంటిలేటర్ మీద ఊపిరి ఆపి ఏం కొలుస్తారు?

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్కారం, మాది పర్లాకిమిడి. మా నాన్నగారికి నిమోనియా ముదిరిపోయి బరంపురంలో ఐసీయూలో వెంటిలేటర్ మీద పెట్టారు. మొన్న నేను పక్కనే ఉండగా ఒక డాక్టర్ బాబు మిషన్ మీద బటన్ నొక్కితే నాన్నగారి ఛాతీ కదలడం ఆగిపోయింది, నాకు పైప్రాణాలు పైనే పోయాయి. అడిగితే ప్రెషర్ కొలుస్తున్నాం అని పీక్ 38, ప్లాటో 28, పీప్ 10 అని చీటీ రాసిచ్చారు. ఇంకోటండి, బరువు 82 కేజీలని మేం చెప్తున్నా వినకుండా టేపు పెట్టి పొడవు కొలిచారు, 165 సెంటీమీటర్లు వచ్చింది. ఇదంతా ఎందుకండీ?

జవాబు: భయపడకమ్మా, ఆ డాక్టర్ చాలా మంచి పని చేశారు. మిషన్ గాలి తోస్తున్నప్పుడు కనపడే పీక్ ప్రెషర్‌లో రెండు కలిసిపోయుంటాయి, గొట్టంలోంచి గాలి దూరడానికి పట్టేది ఒకటి, ఊపిరితిత్తి సాగడానికి పట్టేది ఇంకోటి. గాలి లోపలికి వెళ్ళాక ఓ అర సెకను అలాగే పట్టి ఉంచితే గాలి కదలదు కాబట్టి గొట్టం వాటా పోయి తిత్తి లోపలి ఒత్తిడి ఒక్కటే మిగుల్తుంది, అదే ప్లాటో. ఆ కాసేపు లోపల ఆక్సిజన్ ఉంటూనే ఉంటుంది, ప్రమాదం లేదు. పేషెంట్ సొంతంగా ఊపిరి లాగుతుంటే మాత్రం లెక్క తప్పొస్తుంది.

పీక్ ఒక్కటే పెరిగి ప్లాటో అలాగే ఉంటే గొట్టంలో కళ్లె అడ్డుపడిందో, గొట్టం మడత పడిందో, శ్వాసనాళాలు బిగుసుకున్నాయో చూడాలి. రెండూ కలిసి పెరిగితే తిత్తిలోనే సమస్య, నీరు చేరడమో నిమోనియా పాకడమో, గాలి లీకై ఛాతీలో చేరడమో.

నాన్నగారి ప్లాటో 28, హద్దు 30 కాబట్టి లోపలే ఉంది. కానీ అందులోంచి పీప్ 10 (ఊపిరి వదిలాక కూడా తిత్తి మూసుకుపోకుండా మిషన్ లోపల ఉంచే ఒత్తిడి) తీసేస్తే 18 మిగిలింది, దాన్నే డ్రైవింగ్ ప్రెషర్ అంటాం, అది 15 దాటకుండా చూసుకుంటాం. 2015లో పాత ట్రయల్స్ అన్నీ కలిపి చూస్తే ప్రాణాపాయంతో ఎక్కువ ముడిపడింది ఈ అంకే అని తేలింది. ఒక్కో ఊపిరికి 370 మిల్లీలీటర్లు ఇస్తున్నారనుకుంటే 370ని 18తో భాగించు, ఒక్కో పాయింట్ ఒత్తిడికి తిత్తి ఎన్ని మిల్లీలీటర్లు సాగుతోందో తెలుస్తుంది, 20 చిల్లర వస్తుంది, బాగున్న ఊపిరితిత్తులకైతే 50 పైనే రావాలి. అంటే తిత్తులు బాగా బిగుసుకుపోయాయన్నమాట.

ఇక టేపు సంగతి. ఒళ్ళు పెరిగితే ఊపిరితిత్తి పెరగదమ్మా, దాని సైజు పొడవుని బట్టే. మగవాళ్ళకి 152.4 సెంటీమీటర్లకి 50 కేజీలు, ఆపైన ప్రతి సెంటీమీటర్‌కి 0.91 కలుపుతాం, అలా నాన్నగారికి 61.5 వస్తుంది, కేజీకి 6 మిల్లీలీటర్ల చొప్పున 370. మీరు చెప్పిన 82 పట్టుకుంటే 490 అయ్యేది, బిగిసిన తిత్తిలోకి అంత కుక్కితే అది చిరుగుతుంది. 2000లో అమెరికాలో 861 మంది మీద చేసిన ట్రయల్‌లో కేజీకి 12 ఇచ్చినవాళ్ళలో దాదాపు 40 శాతం, 6 ఇచ్చినవాళ్ళలో 31 శాతం చనిపోయారు. అంత తేడా కళ్ళముందున్నా పొడవు కొలవకుండా అంచనాగా 500 పెట్టేసే చోట్లు ఇంకా ఉన్నాయి, నాకు అదే బాధ. రేపు వెళ్ళినప్పుడు ప్లాటో ఎంత, పీప్ తీసేస్తే ఎంత అని రోజూ అడిగి రాసుకో. బోర్లా పడుకోబెడతాం అంటే కంగారుపడి వద్దనకు, కొంతమందికి అలా ఉంచితే ఆ 18 కూడా దిగుతుంది.

ప్రశ్న: మాది రాయగడ సార్. ఆస్తమాతో వెంటిలేటర్ మీదున్న మా తమ్ముడికి నిమిషానికిచ్చే ఊపిర్లు తగ్గించేశారు, గాలి చాలదు కదా?

జవాబు: చాలకపోవడం కాదు బాబూ, బయటికి రాకపోవడం ఆస్తమాలో అసలు గొడవ. పాత గాలి పూర్తిగా పోకముందే కొత్తది వచ్చి పడితే లోపలే పేరుకుపోయి బీపీ కూడా పడిపోతుంది. ఊపిరి వదిలాక చివర్లో మిషన్ ఆపి చూస్తే ఎంత పేరుకుందో తెలుస్తుంది, దాన్ని ఆటో పీప్ అంటాం. ఊపిర్లు తగ్గిస్తే వదలడానికి టైం దొరుకుతుంది, కార్బన్ డయాక్సైడ్ కొంచెం పెరిగినా ఓర్చుకుంటాం. స్క్రీన్ మీద పీక్ 50 చూసి హడలిపోవద్దు, మీ తమ్ముడి విషయంలో కూడా అడగాల్సింది ప్లాటోనే.