డ్యూన్ రెండో నవల అరవై పేజీల దగ్గర ఆగిపోయింది, కొనసాగించాలా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: డ్యూన్ (ఎడారి గ్రహం మీద నడిచే సైన్స్ ఫిక్షన్ కథ) సినిమాలు రెండూ చూశారు, మొదటి నవల చదివి చాలా ఇష్టపడ్డారు. రెండో నవల ‘డ్యూన్ మెసాయా’ మాత్రం అరవై పేజీలు దాటట్లేదు. అడిగినవాళ్ళలో కొందరు గొప్ప పుస్తకం అన్నారు, కొందరు అక్కడితో ఆపేయమన్నారు. ఇప్పుడు ఏం చేయాలి?

చదవండి. నేను దీన్ని మూడుసార్లు చదివాను. మొదటిసారి కోపంతో మూసేశాను కాబట్టి మీ ఇబ్బంది నాకు బాగా తెలుసు.

మాది అనంతపురం జిల్లా. ట్యాంకర్ వచ్చే రోజు ఇంట్లో ఎవరో ఒకరు బడి మానేసి బిందెలతో లైన్లో నిలబడాల్సిన ఊరు. 2006లో హైదరాబాదులో ఉద్యోగం వెతుక్కుంటున్నప్పుడు, ఆబిడ్స్‌లో ఆదివారం పరిచే పాత పుస్తకాల్లో డ్యూన్ దొరికింది. చనిపోయినవాడి కోసం కన్నీళ్ళు కారిస్తే, ఒంట్లో నీటిని వాడికి ఇచ్చేశావని ఆ ఎడారి జనం, ఫ్రెమెన్‌లు, ఆశ్చర్యపోయే ఘట్టం చదివి ఆ రాత్రి నిద్రపట్టలేదు. నీళ్ళ విలువ తెలిసినవాడే రాశాడనుకున్నాను. (రచయిత ఫ్రాంక్ హెర్బర్ట్ అమెరికన్ జర్నలిస్టు. 1957లో ఓరెగాన్ తీరంలో ఇసుక తిన్నెలు కదలకుండా గడ్డి నాటుతుంటే, దానిమీద వ్యాసం రాద్దామని వెళ్ళి, చివరికి నవల దగ్గర తేలాడు.) ఆ ఫ్రెమెన్‌లకు నాయకుడైన హీరో పాల్ అట్రెయిడీస్ గెలిచినప్పుడు మా ఊరివాడు గెలిచినట్టే సంబరపడ్డాను.

రెండు వారాల తర్వాత అదే ఫుట్‌పాత్ మీద మెసాయా దొరికింది. తెరిస్తే ఏముంది? మొదట మరణశిక్ష పడ్డ ఒక చరిత్రకారుడితో సంభాషణ. తర్వాత ఒక గదిలో నలుగురు కూర్చుని కుట్ర గురించి మాట్లాడుకోవడం. పాల్ చక్రవర్తి అయి పన్నెండేళ్ళు గడిచిపోయాయి, ఆ యుద్ధాలన్నీ మనకు చూపించకుండానే అయిపోయాయి. నా హీరో అలసిపోయి, ఎవరినీ నమ్మలేక, గదుల్లో అటూ ఇటూ తిరుగుతున్నాడు. రెండు రాత్రుల్లో చదివేసి, రూమ్మేట్‌కి ఇచ్చేశాను. తిరిగి అడగలేదు కూడా.

మీరు కూడా ఆ కుట్ర సన్నివేశం చుట్టుపక్కలే ఆగి ఉంటారు. అక్కడ ఒక విషయం పట్టుకుంటే మిగతాది సులువవుతుంది. పాల్ భవిష్యత్తు చూడగలడు కదా, మరి అతని మీద కుట్ర ఎలా చేస్తారు? అందుకే తొట్టెలో తేలుతూ ఉండే ఎడ్రిక్ అక్కడ ఉన్నాడు. అంతరిక్ష నౌకలు నడిపే గిల్డ్‌వాళ్ళకూ కొంత భవిష్యద్దృష్టి ఉంటుంది. అలాంటివాడు పక్కన ఉంటే, చుట్టూ ఉన్నవాళ్ళు ఏం చేస్తున్నారో పాల్‌కి కనిపించదు. ఆ తొట్టె వాళ్ళకు గొడుగు లాంటిది. నేను మొదటిసారి ఇది గమనించకుండా చదివాను, అందుకే ఆ అధ్యాయం వట్టి కబుర్లలా అనిపించింది.

ఇంకొకటి. సినిమా నుంచి వచ్చినవాళ్ళు రెండు తేడాలు గుర్తుపెట్టుకోవాలి. 2024 సినిమా చివర పాల్ ప్రేమించిన ఫ్రెమెన్ అమ్మాయి చానీ కోపంగా వెళ్ళిపోతుంది. నవలలో ఆమె ఎక్కడికీ వెళ్ళలేదు. పాల్ పెళ్ళి రాజకీయం కోసం పాత చక్రవర్తి కూతురు ఇరులాన్‌తో జరిగింది, కాపురం మాత్రం చానీతోనే. అలాగే సినిమాలో పాల్ చెల్లెలు ఆలియా ఇంకా పుట్టలేదు. నవలలో ఆమె పసిపిల్లగా ఉన్నప్పుడే శత్రువైన బేరన్‌ని చంపింది, మెసాయా నాటికి ఎదిగిన అమ్మాయి, జనం దేవతలా కొలిచే మనిషి. సినిమాను మనసులో పెట్టుకుని చదివితే మొదటి యాభై పేజీలు తికమకగానే ఉంటాయి.

2021లో మొదటి సినిమా వచ్చాక నేను మళ్ళీ మొదటి నవల చదివాను, దాని వెంటే మెసాయా కూడా. అప్పటికి నాకు నలభై దగ్గరపడుతోంది. మొదటి నవలలోనే, ఎడారిలో చావుబతుకుల్లో ఉన్న కైన్స్ అనే శాస్త్రవేత్తకి చనిపోయిన తండ్రి గొంతు వినిపించే చోటు ఉంది. మీ జనం ఒక హీరో చేతిలో పడటం కంటే ఘోరమైన విపత్తు ఇంకోటి లేదని ఆ తండ్రి అంటాడు. 2006లో ఆ వాక్యం మీదుగా నేను పరుగెత్తుకుంటూ వెళ్ళిపోయానన్నమాట. పాల్ కూడా తన పేరు మీద జరగబోయే రక్తపాతాన్ని మొదటి నుంచీ చూస్తూనే ఉంటాడు, భయపడుతూనే ఉంటాడు. నేను ఫ్రెమెన్‌లతో కలిసి జై కొడుతున్నాను కాబట్టి నాకు వినపడలేదు. రెండో పుస్తకం ఉన్నట్టుండి దారి మార్చిందని చాలామంది అంటారు. నేనూ అన్నాను. కానీ మొదటిది పూర్తికాకముందే మెసాయాలోని కొన్ని భాగాలు రాసి పెట్టుకున్నానని హెర్బర్ట్ స్వయంగా చెప్పాడు.

ఈ నిరాశ మన ఒక్కరిదే కాదు. మొదటి నవలను తన సైన్స్ ఫిక్షన్ పత్రిక అనలాగ్‌లో సీరియల్‌గా వేసిన సంపాదకుడు జాన్ క్యాంబెల్, మెసాయాని మాత్రం వద్దన్నాడు. హీరో ఇలా కూలిపోవడం ఆయనకు నచ్చలేదు. చివరికి 1969లో గెలాక్సీ పత్రికలో సీరియల్‌గా వచ్చింది. హ్యూగో, నెబ్యులా అనే సైన్స్ ఫిక్షన్ అవార్డులు రెండూ గెలిచిన నవలకు కొనసాగింపును, ఆ నవలను మోసిన మనిషే తిప్పి పంపాడంటే, పుస్తకం ఎంత సూటిగా తగలాల్సిన చోట తగిలిందో చూడండి.

మూడోసారి 2024లో, ఐదుగురం కలిసి చదివాం. నేను, మా అక్క, బావ, అక్క కూతురు, నా ఆఫీసు స్నేహితుడు ఒకడు. ఆదివారం సాయంత్రాలు వీడియో కాల్. మీరు అడిగింది పాఠకుల అభిప్రాయాలు కాబట్టి, వాళ్ళు అన్నవి చెబుతాను.

మా అక్క డిగ్రీ కాలేజీలో తెలుగు లెక్చరర్. నా మొదటి చదువు కథ విని వెంటనే అంది: “ఒరేయ్, నువ్వు కర్ణుడు పడిపోగానే భారతం మూసేసే రకంరా. తిక్కన అక్కడ ఆపలేదు. స్త్రీపర్వం రాశాడు, శాంతిపర్వం రాశాడు. గెలిచిన ధర్మరాజు నాకు ఈ రాజ్యం వద్దని ఏడుస్తాడు, అది చదివావా?” చదవలేదు. ఆ మాట తర్వాత మెసాయాలో పాల్ నాకు వేరేగా కనిపించడం మొదలైంది. ధర్మరాజుకి చెప్పడానికి అంపశయ్య మీద భీష్ముడు ఉన్నాడు, పాల్‌కి ఎవరూ లేరు. చుట్టూ ఉన్నవాళ్ళందరూ అతనికి మొక్కేవాళ్ళే.

అక్కకి ఈ పుస్తకంలో అందరికంటే దగ్గరైంది ఇరులాన్. కుట్రలో ఆమె కూడా ఉంది, చానీకి తెలియకుండా పిల్లలు పుట్టకుండా మందు పెడుతోంది. ఇవన్నీ మొదట్లోనే తెలిసే విషయాలు. అయినా పన్నెండేళ్ళుగా భార్య అనే పేరు తప్ప ఏమీ దక్కని మనిషి, ఆమె వైపు నుంచి ఒక్కసారి చదవమంది అక్క. ఆమెను రచయిత తొందరగా దాటేశాడని, చివర్లో ఆమె గురించి ఇంకొకరు చెప్పగా వినడం తప్ప ఆమెను దగ్గరగా చూడనివ్వలేదని అక్క ఫిర్యాదు. నేను ఒప్పుకుంటాను. అది నిజమైన లోపమే.

బావ తాసీల్దారు ఆఫీసులో పనిచేసి రిటైర్ అయ్యారు. ఆయనకు పాల్ మీదగానీ చానీ మీదగానీ పెద్ద ఆసక్తి లేదు. పాల్ పేరు మీద పుట్టుకొచ్చిన పూజారుల యంత్రాంగం, ఖిజరేట్, ఆయనను పట్టేసింది. ఇసుక పురుగుల మీద స్వారీ చేసినవాళ్ళు అధికారులైపోయారు, ఎక్కడెక్కడి గ్రహాల నుంచో యాత్రికులు వచ్చి రాజధాని ఆరాకీన్ వీధుల్లో నిండిపోతున్నారు. “భక్తి ఒకసారి ఆఫీసు అయ్యాక, దేవుడు వచ్చి వద్దన్నా అది ఆగదు” అన్నారు బావ. పాల్‌కి అన్నీ తెలుసు కదా, మరి ఎందుకు ఆపడు అని నేను పదిహేనేళ్ళు అడిగిన ప్రశ్నకు ఇంతకంటే మంచి జవాబు నాకు దొరకలేదు. అతను చనిపోయినా ఆ పేరు మీద యుద్ధం నడుస్తుంది. అది అతనికి తెలుసు, అదే అతని నరకం.

మేనకోడలు ఇంజనీరింగ్ రెండో సంవత్సరం. సినిమా చూసి వచ్చింది కాబట్టి చానీ విషయంలో చాలా బాధపడింది. “మామయ్యా, సినిమాలో ఎదిరించింది కదా, ఇక్కడ ఎందుకు ఇంత నెమ్మదిగా ఉంది?” అని రెండు వారాలు గొడవ చేసింది. కానీ హేట్ వచ్చాక పుస్తకం వదల్లేదు. మొదటి నవలలో పాల్ కోసం ప్రాణం ఇచ్చిన డంకన్ ఐడహో శరీరానికి మళ్ళీ ప్రాణం పోసి, లోహపు కళ్ళు పెట్టి, పాల్‌కి కానుకగా పంపుతారు, అతనే హేట్. ముఖం అదే, గొంతు అదే, పాత జ్ఞాపకాలు మాత్రం లేవు. అతను కూడా కుట్రలో భాగమే, ఆ మాట తనే పాల్‌తో దాచకుండా చెప్పేస్తాడు. మనిషంటే శరీరమా, జ్ఞాపకమా, పెట్టుకున్న ప్రేమా? మేనకోడలు దీనిమీద ఒక సాయంత్రమంతా మాట్లాడింది, మేమందరం విన్నాం.

ఆఫీసు స్నేహితుడికి నచ్చలేదు. పూర్తిగా చదివాడు, అయినా నచ్చలేదు. మాటల్లో ప్రతి మాట వెనకా మూడు అర్థాలు, ప్రతి చూపు వెనకా ఒక ఎత్తు, ఇలా ఎంతసేపు అన్నాడు. పన్నెండేళ్ళ యుద్ధాన్ని చూపించకుండా దాని భారం మాత్రం మోయమంటే పాఠకుడు ఎలా మోస్తాడని అడిగాడు. తేలిగ్గా కొట్టిపారేసే మాట కాదిది. నేను అతనికి ఒక ఘట్టం చూపించాను: పాల్ తన ఫ్రెమెన్ అనుచరుడు స్టిల్గార్‌కి పాత భూమి చరిత్ర చెబుతూ చెంగిజ్ ఖాన్, హిట్లర్ ఎంతమందిని చంపారో లెక్క చెబుతాడు. స్టిల్గార్‌కి అవి చాలా చిన్న సంఖ్యలుగా అనిపిస్తాయి. అప్పుడు పాల్ తన లెక్క చెబుతాడు. తక్కువలో తక్కువ వేసుకున్నా 6,100 కోట్ల మంది. జీవం లేకుండా చేసిన గ్రహాలు 90. తుడిచిపెట్టిన మతాలు 40. యుద్ధాన్ని కళ్ళకు కట్టినట్టు రాసి ఉంటే నేను మళ్ళీ జై కొట్టేవాడినేమోనని నాకు భయం. ఆ అంకెలు పాల్ నోట వింటుంటే మాత్రం జై అనే మాట గొంతులోనే ఆగిపోయింది. స్నేహితుడు ఒప్పుకోలేదు, అది సంఖ్య మాత్రమే అన్నాడు. ఇప్పటికీ ఆ విషయంలో మా ఇద్దరికీ కుదరలేదు.

చదవడం గురించి ఒక చిన్న సలహా. దీన్ని మొదటిదానిలా పరుగుమీద చదవకండి. ఇది మొదటిదానిలో సగం కూడా ఉండదు, కానీ ఒక్కో సన్నివేశం తర్వాత కాసేపు ఆగాలి. మేం వారానికి మూడు నాలుగు అధ్యాయాలు చదివాం, అది సరిపోయింది. సగం దాటాక కథ ఒక్కసారిగా బిగుసుకుంటుంది. చివరి నలభై పేజీలు నేను మూడోసారి కూడా నిలబడే చదివాను. అక్కడ ఏం జరుగుతుందో చెప్పను, దయచేసి ఇంటర్నెట్‌లో కూడా వెతక్కండి. 2026 డిసెంబరులో రావాల్సిన మూడో సినిమాకు ఆధారం ఈ నవలే, అందుకని ముగింపు చెప్పేసే వీడియోలు ఇప్పటికే బోలెడు ఉన్నాయి. తర్వాతి నాలుగు నవలలు చదవాలా వద్దా అన్నది ఇప్పుడు ఆలోచించకండి. పాల్ కథ వరకు చూస్తే ఇక్కడికి ఒక ముగింపు దొరుకుతుంది.

మీరు ఆగిన చోటికి కాస్త అటూ ఇటూగా ఫరోక్ అనే ముసలి ఫ్రెమెన్ కనిపిస్తాడు. అతని అధ్యాయం మాత్రం తప్పకుండా చదవండి. పాల్ సైన్యంలో ఎందుకు చేరావంటే అతను మతం గురించి చెప్పడు. సముద్రం అనేది ఒకటుంటుందని విన్నాడు, నమ్మలేకపోయాడు, చూద్దామని వెళ్ళాడు. ఏదో దూరపు గ్రహంలో సముద్రం చూసి అందులోకి దిగాడు. ఆ నీళ్ళు పడలేదు, జబ్బు చేసింది. కానీ ఒడ్డుకు వచ్చేసరికి ఆ యుద్ధపు పిచ్చి వదిలిపోయింది, ఆ వింత మాత్రం జీవితాంతం ఉండిపోయింది. ఇంటికి తిరిగి వచ్చాడు. అతని కొడుకు అదే యుద్ధంలో కళ్ళు పోగొట్టుకున్నాడు.

నేను మొదటిసారి సముద్రం చూసింది డిగ్రీ రెండో సంవత్సరంలో, కాలేజీ టూరులో, విశాఖలో. అందరూ ఫొటోలు దిగుతుంటే నేను వంగి దోసిట్లోకి తీసుకుని రుచి చూశాను. ఇన్ని నీళ్ళు, తాగడానికి చుక్క లేదు. అమ్మ నమ్మదేమోనని ఒక సీసాలో పట్టుకుని ఊరికి తీసుకెళ్ళాను. 2006లో ఫరోక్ పేజీలు కూడా నా కళ్ళముందు నుంచే వెళ్ళి ఉంటాయి, ఒక్క ముక్కా గుర్తులేదు. పాల్ ఎప్పుడు కత్తి తీస్తాడా అని ఎదురుచూస్తూ పేజీలు తిప్పేశాను.