కొడుకు డ్యూటీకి పోతుంటే నేను ఇంట్లో కూర్చున్నాను

ప్రశ్న: నాకు 51 ఏళ్లు. మాది గోదావరిఖని. పాతికేళ్లకు పైగా సింగరేణిలో బొగ్గు బాయి దిగాను. వెన్నుపూస దెబ్బతిని మెడికల్ బోర్డు అన్‌ఫిట్ చేసింది. నా బదులు డిపెండెంట్‌గా మా అబ్బాయికి ఉద్యోగం వచ్చింది. అప్పటి నుంచి ఇంట్లోనే ఉంటున్నా, చేతికర్ర లేకుండా నడవలేను. 'కొడుకు నౌకరి కోసం అన్‌ఫిట్ అయిండు' అని తోటివాళ్లే అంటున్నారు. పెన్షన్ ఏటీఎం కార్డు అబ్బాయి దగ్గరే ఉంది, చాయ్ తాగాలన్నా అడగాలి. ఫస్ట్ షిఫ్ట్ టైముకు మెలకువ వచ్చేస్తుంది, లేచి ఏం చేయాలో తెలియదు.

జవాబు: వెన్నునొప్పి గురించి మీరు ఒక్క ముక్కే రాశారు. మిగతా బాధంతా ఆ కార్డు గురించి, ఆ మాటల గురించే. అందుకే అక్కడి నుంచే మొదలుపెడదాం.

అన్‌ఫిట్ చేసింది మీరు కాదు, బోర్డు. ఎవరెవరికో ఎక్స్‌రేలు చూపించి రుజువు చేసుకోవాల్సిన అవసరం మీకు లేదు. ఇలాంటి మాట అనేవాళ్లకు 'బోర్డు చూసి రాసింది' అని ఒక్కసారి చెప్పి ఊరుకోండి. ఆ మాటలకు భయపడి చాయ్ హోటల్‌కు పోవడం మాత్రం మానొద్దు.

ఇక కార్డు. కోల్ మైన్స్ పెన్షన్ స్కీమ్ 1998 కింద వచ్చే పెన్షన్ మీ సర్వీసుకు దక్కిన డబ్బు, ఎవరి దయా కాదు. దానికి డీఏ లేదు, ఏటా పెరగదు, నిజమే. కానీ ఇంట్లో ఒక ఖర్చు మీ నిర్ణయంతో జరగాలంటే ఆ కాస్త డబ్బయినా మీ చేతిలో ఉండాలి. మీరు బ్యాంకు దాకా నడవలేరనే అబ్బాయి కార్డు తీసుకుని ఉండొచ్చు, ముందే తప్పు పట్టకండి. ప్లే డే (సెలవు రోజు) డ్యూటీ లేని ఆదివారం చూసి, కోడలి ముందు కాకుండా విడిగా అడగండి: 'కార్డు నా దగ్గర ఉంచుకుంటా బిడ్డా. కరెంటు బిల్లు, నా మందులు ఇకనుంచి నేనే చూసుకుంటా.' అంతే చాలు. 'నా నౌకరే కదా నువ్వు చేస్తున్నది' అన్న మాట మాత్రం కోపంలో కూడా రానివ్వకండి. ఆ మాట వాడి మనసులో ముందే ఉంటుంది. తండ్రి నడుము పోతే వచ్చిన ఉద్యోగమన్న బరువు మోస్తూనే వాడు రోజూ హాజరుకు మస్టర్ పడుతున్నాడు.

అబ్బాయిని డ్యూటీ ఎలా జరిగిందని ఎన్నిసార్లు అడిగారు? వాడిది అండర్‌గ్రౌండ్ పని అయితే, బాయి కప్పు మీద తట్టి శబ్దాన్ని బట్టి గట్టిగా ఉందో, ఊడేలా ఉందో కనిపెట్టడం మీకు తెలిసినంతగా వాడికి ఇంకా తెలియదు. ట్రైనింగ్‌లో చెబుతారు, కానీ చెవికి అలవాటు కావడానికి ఏళ్లు పడుతుంది. షిఫ్ట్ దిగి వచ్చి అన్నం తినేటప్పుడు పక్కన కూర్చుని అడగండి. సలహాలు గుప్పించొద్దు, అడిగి వినండి. మీ ఇద్దరి మధ్య మాట నడవాలంటే ఇంతకన్నా మంచి దారి నాకు కనిపించడం లేదు.

ఫస్ట్ షిఫ్ట్ టైముకు మెలకువ వస్తే రానివ్వండి, పాతికేళ్ల అలవాటు అది. లేచి చల్లపూట చేతికర్రతోనే, డాక్టర్ సరేనన్నంత దూరం నడవండి. పడుకునే ఉంటే కండరాలు ఇంకా బలహీనపడతాయి. ఏరియా ఆసుపత్రిలో ఫిజియోథెరపీ గురించి అడగండి. వైకల్యం 40 శాతం లేదా అంతకన్నా ఎక్కువ ఉంటుందనిపిస్తే యూడీఐడీ కార్డుకు, అంటే వికలాంగుల గుర్తింపు కార్డుకు, దరఖాస్తు చేసుకోండి. బస్సు రాయితీ లాంటివి దాని మీదే వస్తాయి. అది తీసుకోవడంలో నామోషీ ఏమీ లేదు.

ఒక్క విషయం మాత్రం వాయిదా వేయకండి. నిద్ర పట్టక తాగుడు అలవాటవుతున్నా, బతికి ఏం లాభం అనిపిస్తున్నా ఆ రోజే 14416కు ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, డబ్బులు కట్టక్కర్లేదు, తెలుగులోనే మాట్లాడతారు. మీ ఆవిడకు కూడా ఆ నంబరు రాసివ్వండి.

అబ్బాయి కార్డు ఇవ్వనంటే మళ్లీ రాయండి. 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ఉంది, అరవై నిండకపోయినా తమను తాము పోషించుకోలేని తల్లిదండ్రులు ఆర్డీఓకు అర్జీ పెట్టుకోవచ్చు. మీ ఉత్తరం చదివితే అంతవరకు పోదనే నాకు అనిపిస్తోంది. ముందు ఆ ఆదివారం మాట్లాడండి.