సినిమా గొడవ వేరు, పాపనన్న మాట వేరు

ప్రశ్న: మాది తిరుపతి, బైరాగిపట్టెడ. అత్తామామలు, మరిది కుటుంబం అందరం ఒకే ఇంట్లో ఉంటాం. మా పాప తొమ్మిదో తరగతి. చామనచాయ కంటే ఇంకాస్త నలుపు. సెలవుల్లో పిల్లలంతా టీవీలో కొత్త ‘లిటిల్ మెర్మెయిడ్’ చూస్తుంటే మా మరిది వచ్చి ‘ఏందబ్బా, సాగరకన్య కూడా నల్లదేనా? ఎవురు చూస్తారు దీన్ని?’ అన్నాడు. పాప ఎదురు మాట్లాడింది. ‘నీకెందుకు రోషం? నిన్నేమన్నా అన్నానా?’ అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి రాత్రి అన్నాల దగ్గర ఇదే వాదన. ఆయన యూట్యూబ్ వీడియోలు చూపించి, ‘నల్లోళ్ల వేషం తెల్లోళ్లకిస్తే తప్పంటారు, తెల్లోళ్లది నల్లోళ్లకిస్తే ఒప్పా?’ అంటాడు. పాప నోటుబుక్కులో పాయింట్లు రాసుకొచ్చి చదువుతుంది. పోయిన నెల కుటుంబం వాట్సాప్ గ్రూపులో ‘చిన్నాయన రేసిస్టు’ అని పెట్టింది. ఆయన పాపతో మాటలు మానేశాడు. పాపే సారీ చెప్పాలని మావారు ఓటీటీ కూడా తీయించేశారు. మా అత్త మెడికల్ షాపులో ఏదో క్రీము తెచ్చి పాపకు రాస్తోంది. స్కూలు నాటకంలో రెండేళ్లుగా శూర్పణఖ, పూతన వేషాలే. ఈసారి ద్రౌపది అడిగితే హిడింబి ఇస్తామన్నారట. ఇప్పుడు స్కూలుకే పోనంటోంది. ఏం చేయాలి?

జవాబు: అమ్మా, మీ మరిది ఆ రోజు రెండు మాటలన్నారు. మొదటిది సినిమా గురించి. రెండోది, ‘నిన్నేమన్నా అన్నానా’ అన్నది, పాప ఒంటి రంగు గురించి. అందరూ నవ్వింది రెండోదానికి. మొదటిదాని మీద రెండు వైపులా న్యాయంగా మాట్లాడొచ్చు. రెండోదానికి రెండో వైపు లేదు. మీ ఇంట్లో నెలల తరబడి జరుగుతున్నది, రెండోదాని బాకీని మొదటిదాంట్లో తీర్చుకోవాలని చూడ్డం. హాలీవుడ్ మీద పాప ఎంత బాగా వాదించినా ఆ నవ్వు చెరిగిపోదు. సినిమా నచ్చలేదన్నందుకు సారీ ఎందుకు చెప్పాలని ఆయనా మొండికేస్తారు. ముందు రెండోది తీరాలి.

అది తీర్చాల్సింది మీవారు. మీరు కాదు, అత్తగారు అసలే కాదు. వదిన అడిగితే అది ఆడవాళ్ల గొడవైపోతుంది, తల్లి అడిగితే కొడుకు నవ్వేసి తప్పించుకుంటాడు. అన్న తమ్ముణ్ణి ఇంటి బయట, ఇద్దరే ఉన్నప్పుడు అడగాలి. మాట చిన్నదిగా ఉండాలి: ‘ఒరే, సినిమా గురించి నువ్వేమనుకున్నా నీ ఇష్టం. ఆ పొద్దు మాత్రం నువ్వన్న మాటకు అందరం బిడ్డను చూసి నవ్వినాం. నేనూ నవ్వినా. నేను దానికి చెప్పుకుంటా, నువ్వు కూడా చెప్పాల.’ ఇందులో ‘నేనూ నవ్వినా’ అన్నది తీసేయకండి. అది లేకపోతే తమ్ముడొక్కడే దోషిగా నిలబడతాడు, నిలబడి ఎదురు తిరుగుతాడు.

ఆయన పాపతో అనాల్సింది ఒక్క వాక్యం: ‘ఆ పొద్దు నేనన్న మాట తప్పు పాపా.’ దీని వెనకాల ‘సరదాకన్నాలే’ అని తగిలించినా, ‘ఇంత దానికే అట్లా చేస్తావా’ అన్నా మొదటికొస్తుంది. ఇలాంటి చోట మగవాళ్లు తరచూ మాటకు బదులు చుడీదారో ఐస్‌క్రీమో తెస్తారు. తెస్తే తెచ్చుకోనీండి, మాట మాత్రం విడిగా రావాలి. పాప వెంటనే కరిగిపోకపోతే ఎవరూ తొందరపెట్టొద్దు.

పాప చెప్పాల్సిందీ ఉంది. బంధువులంతా ఉన్న గ్రూపులో మనిషికి పేరు పెట్టింది కాబట్టి ఆ గ్రూపులోనే ‘చిన్నాయనను అట్లా అనడం తప్పు’ అని రాయాలి. అంతవరకే. తన వాదనను వెనక్కి తీసుకోనక్కర్లేదు. అదీ చిన్నాయన చెప్పిన రోజే కాకుండా రెండు మూడు రోజులాగి. అదే రోజైతే ఇచ్చిపుచ్చుకున్న బేరంలా ఉంటుంది. ముందు పాపే చెప్పాలన్న మీవారి పట్టు సరైంది కాదు. వయసులో పెద్దవాడు, ముందు అన్నవాడు ఆయనే.

ఇక వాదన. దాన్ని ఆపించొద్దు. ‘సినిమానే కదా’ అన్న ప్రతిసారీ పాపకు వినబడేది ‘నీ బాధ చిన్నది’ అని. పద్ధతి మాత్రం మార్చండి. వారానికి ఒక్క రోజు, అన్నాలు అయ్యాక, టీవీ ఆపేసి, ఇరవై నిమిషాలు. రోజుకు ఒకే సినిమా. ఫోన్లో వీడియోలు చూపించడం లేదు, ఎందుకంటే ఆ వీడియోల మీద పెట్టే బొమ్మలు (థంబ్‌నెయిళ్లు) చూసేవాడికి కోపం రావాలనే కట్టినవి. ఎవరు చెప్పినా నోటితో చెప్పాలి. మొదటి వారం పక్షాలు మార్చండి: చిన్నాయన పాప తరఫున ఐదు నిమిషాలు, పాప చిన్నాయన తరఫున ఐదు నిమిషాలు. టైము చూసేది తాత. ఇంట్లో వాళ్ల ఒంటిని, పెళ్లిని, సంబంధాలను ఉదాహరణగా తెస్తే ఆ రోజుకి అక్కడితో లేవాలి. సాధారణంగా ఇది చెడేది పెద్దవాళ్లు మధ్యలో అందుకోవడం వల్ల, అందుకే తాత చేతికి గడియారం.

సరుకు కూడా కావాలి కదా. సాగరకన్య కథ డెన్మార్క్ రచయిత ఆండర్సన్ 1837లో అచ్చువేయించింది. అందులో ఆమె చర్మం గులాబీ రేకులా ఉంటుందని, కళ్లు లోతు సముద్రమంత నీలమని ఉంది. అంటే మీ మరిది మాటకు ఆధారం ఉంది, పాప అది ఒప్పుకోవాలి. అయితే అదే కథలో ఆమెకు రాకుమారుడు దక్కడు, చివరికి నురగైపోతుంది. 1989లో డిస్నీ కార్టూన్ తీసి, ఏరియల్ అని పేరు పెట్టి, పెళ్లితో ముగించింది. 2023 సినిమాలో హ్యాలీ బెయిలీ అనే నల్లజాతి అమ్మాయిని పెట్టుకుంది. ముగింపునే మార్చేస్తే ఊరుకున్న వాళ్లం రంగు మార్చితే ఎందుకు ఊరుకోలేకపోతున్నాం? ‘రేసిస్టు’ అనే బదులు పాప అడగాల్సిన ప్రశ్న ఇది. ఆ కథ నడిచేది గొంతు పోవడం మీద, కాళ్లు రావడం మీద. రంగుకు అందులో పనిలేదు.

అన్ని కథలూ అట్లా ఉండవు. స్నో వైట్ పేరులోనే మంచు తెలుపు ఉంది. 2025 సినిమాలో రేచెల్ జెగ్లర్‌ను పెట్టుకున్నాక, మంచు తుఫానులో పుట్టింది కాబట్టి ఆ పేరని కథనే సర్దుకోవాల్సొచ్చింది. ఆ సర్దుబాటు అతికిందా లేదా అని మీ మరిది అడిగితే అది న్యాయమైన ప్రశ్నే, దానికి పాప ఉలిక్కిపడనక్కర్లేదు.

‘ఇటు తప్పు, అటు ఒప్పా’ అన్న ప్రశ్నకు పాప దగ్గర జవాబు లేనట్టుంది. 1937లో చైనా రైతుల కథ ‘ది గుడ్ ఎర్త్’ తీశారు. లాస్ ఏంజిలిస్‌లో పుట్టిన చైనా సంతతి నటి అన్నా మే వాంగ్ అప్పటికే పేరున్న తార. భార్య వేషం ఆమెకు రాలేదు. భర్త వేషానికి పాల్ ముని అనే తెల్లవాణ్ణి తీసుకున్నారు. తెల్ల, నల్ల జాతుల మధ్య సంబంధం తెర మీద చూపకూడదని అప్పటి హాలీవుడ్ రాసుకున్న నియమావళిలో ఉండేది, దాన్ని ఇతర జాతులకూ వర్తింపజేసేవాళ్లు. దాంతో భార్య కూడా తెల్లదే కావాల్సొచ్చిందని అంటారు. లూయీజ్ రైనర్‌కు చైనా మేకప్ వేశారు, ఆమెకు ఆస్కార్ కూడా వచ్చింది. తలుపు ఒకవైపు నుంచే మూసి ఉండింది. అందుకే రెండు మార్పులనూ ఒకే తూకపు రాయితో తూయలేం. ఇదే పాప జవాబు.

పాపకు ఇష్టం లేని సంగతీ తెలియాలి. జపాన్ కథ ‘ఘోస్ట్ ఇన్ ద షెల్’ 2017లో హాలీవుడ్ మళ్లీ తీసి స్కార్లెట్ జొహాన్సన్‌ను పెట్టినప్పుడు అమెరికాలో పెద్ద గోల అయింది. పాత యానిమేషన్ సినిమా తీసిన జపాన్ దర్శకుడు మమోరు ఒషీ మాత్రం తనకేమీ అభ్యంతరం లేదన్నాడు. తన పక్షాన్ని బలహీనపరిచే సంగతిని తనే ముందు చెప్పగలిగినవాళ్ల మాటే చిన్నాయన లాంటివాళ్లు వింటారు.

అమెరికా లెక్కను యథాతథంగా మీ నట్టింట్లోకి దించుకోవడం మాత్రం కుదరదు. అక్కడ జాతి వెనక బానిసత్వం, చట్టాలు ఉన్నాయి. ఇక్కడ ఒక తల్లి బిడ్డలే రెండు రంగులుంటారు, రంగు వెనక కులం, కట్నం, పెళ్లిచూపులు ఉంటాయి. మన రీమేకులే తీసుకోండి. మరాఠీ ‘సైరాట్’ 2016లో వచ్చింది, రింకూ రాజ్‌గురు అనే కొత్త పల్లె పిల్ల నాయిక. 2018లో హిందీలో ‘ధడక్’ చేసేసరికి నాయిక జాన్వీ కపూర్ అయింది, కులం పదును మొద్దుబారిందని విమర్శకులు గట్టిగానే అన్నారు. ఇంకా దగ్గరికొస్తే 2021 ‘పుష్ప’. రీమేకు కాదు గానీ శేషాచలం అడవి, చిత్తూరు యాస అన్నీ మనవే. నాయికకు మాత్రం తెల్లటి అమ్మాయిని తెచ్చి మేకప్‌తో రంగు తగ్గించారు. మన పక్కల ఆ రంగు పిల్లలు కరువా? ఈ వారం ఆ వాదన పెట్టండి. ఆ సినిమా మీ మరిదికి నచ్చి ఉంటే ఇంకా మంచిది, ఇష్టమైనదాని మీద వాదించేటప్పుడే మనిషి ఆలోచిస్తాడు.

ఇక ద్రౌపది. మూలంలో ఉన్నదే ఉండాలన్నది మీ మరిది కొలత అయితే, ఆ కొలత ఇక్కడ పూర్తిగా పాప వైపు ఉంది. ద్రౌపదికి కృష్ణ అన్న పేరు ఆమె నలుపు వల్ల వచ్చిందే. నన్నయ కూడా ఆమెను నల్లకలువ వన్నెలోనే వర్ణించాడు. పుస్తకం ప్రకారం పోతే హిడింబి ఇవ్వాల్సిన పిల్ల కాదు మీ పాప. ఇక మన చిత్తూరు వైపు ధర్మరాజుల గుళ్ల దగ్గర భారతం జరిగితే రాత్రి వీధినాటకంలో మీసం తీసేసి మగవాళ్లే ద్రౌపది కట్టేవాళ్లు, ముందు వరసలో ఆడవాళ్లు కళ్లొత్తుకునేవాళ్లు. మన ఊళ్లలో వేషానికి గొంతు, అభినయమే చూసేవాళ్లు.

స్కూలుకు మీరు పోయి పోట్లాడొద్దు. పోట్లాడి తెచ్చిన వేషం పాపను రిహార్సల్‌లో ఒంటరిని చేస్తుంది. సభలో ద్రౌపది అడిగే ప్రశ్న ఘట్టం, తనను తాను ఓడిపోయిన మనిషికి భార్యను ఒడ్డే హక్కు ఉందా అన్నది, రెండు నిమిషాల మాటలుగా పాప నేర్చుకుని, ‘టీచర్, ఒకసారి విని చెప్పండి’ అని తనే అడగాలి. గొంతు చాలలేదనో, ఇంకో పిల్ల బాగా చెప్పిందనో అంటే ఆ తీర్పు ఒప్పుకోవాలి. ‘ముఖానికి సరిపోదు’ అంటే అప్పుడు మీరిద్దరూ వెళ్లి హెడ్మాస్టరుతో, నన్నయ మాట కూడా చెప్పి, నెమ్మదిగా మాట్లాడండి.

వేషం వస్తే మేకప్ మనిషి దగ్గర జాగ్రత్త. స్కూలు నాటకాల్లో అందరికీ ఒకే లేత రంగు పాన్‌కేక్ పూస్తారు. నల్లటి చర్మం మీద అది లైట్లు పడగానే బూడిద పూసినట్టు కనబడుతుంది, మెడ, చేతులు వేరే మనిషివిలా ఉంటాయి. పగటి వెలుతురులో కిటికీ దగ్గర దవడ ఎముక మీద రెండు మూడు రంగులు గీతల్లా రాసి చూడమనండి, ఏ గీత చర్మంలో కలిసిపోతే అదే రంగు. అది ముఖంతో పాటు చెవులకు, మెడకు, మోచేతుల దాకా పూయాలి. తెరచాటున ఎంతున్నా లైట్ల కింద పలచబడుతుంది కాబట్టి కాటుక, పెదాల రంగు మామూలు కంటే దట్టంగా ఉండాలి.

అత్తగారి క్రీము సంగతి ఈ రోజే చూడండి. ట్యూబు వెనక మొమెటాసోన్, బీటామెథాసోన్, క్లోబెటాసోల్ అన్న పేర్లుంటే అది స్టెరాయిడ్. హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ కూడా కలిసి ఉండొచ్చు. ఇలాంటివి డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్రం నిబంధన బిగించింది, అయినా అడిగితే ఇచ్చే షాపులున్నాయి. మొదట్లో ముఖం తేటపడినట్టు ఉంటుంది. తర్వాత చర్మం పలచబడి ఎండకు మండుతుంది, మొటిమలు, నూగు వెంట్రుకలు, బుగ్గల మీద సన్నటి ఎర్ర నరాలు వస్తాయి. ఆపితే మంట ఎక్కువవుతుంది, దాంతో మళ్లీ రాస్తారు. వారాల తరబడి రాసి ఉంటే మీ అంతట మీరు ఆపేయకుండా, ఆ ట్యూబు తీసుకుని రుయా ఆసుపత్రి చర్మం ఓపీకో ఇంకో చర్మవ్యాధుల డాక్టరు దగ్గరికో వెళ్లండి. అత్తగారిని వెంట తీసుకెళ్లండి. కోడలు చెబితే విననిది డాక్టరు చెబితే వింటుంది. ఆవిడా పాప మేలుకోరే చేస్తోంది, పెళ్లి భయంతో.

‘ఏడుకొండలస్వామి నల్లనివాడే కదా’ అని పాపను ఓదార్చకండి. తిరుపతిలో పుట్టిన నల్లపిల్ల ఆ మాట ఊహ తెలిసినప్పటి నుంచి వింటూనే ఉంటుంది. నలుపుకు ఏదో సమర్థింపు కావాలన్నట్టే అది వినబడుతుంది.

స్కూలు మానడం రెండు వారాలు దాటినా, తిండి తగ్గినా, అద్దం, ఫొటోలు తప్పించుకుంటున్నా, చచ్చిపోతాననే మాట ఒక్కసారి వచ్చినా ఇంట్లో పంచాయితీలతో కాలం గడపొద్దు. 14416కు ఫోన్ చేస్తే టెలీ మానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) వాళ్లు తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు. రుయాలో మానసిక వైద్యుల ఓపీ ఉంది.

తీయించేసిన ఓటీటీ మళ్లీ పెట్టించండి, కానీ మరిది ఆ ఒక్క వాక్యం చెప్పాక. ముందే పెట్టిస్తే లంచంలా ఉంటుంది. మొదట ఏది చూడాలన్నది పాపను, చిన్నాయనను ఇద్దరినీ కలిపి ఎంచుకోమనండి. తేల్చుకోలేకపోతే ‘పుష్ప’ పెట్టండి, దానికి ఇద్దరూ కాదనకపోవచ్చు.