కోరిన స్కూల్లో సీటు రాలేదు, తప్పంతా నాదేనంటున్నారు

ప్రశ్న: లండన్‌కు పడమర ఉన్న ఒక పట్టణంలో మూడేళ్లుగా ఉంటున్నాం. మావారు స్కిల్డ్ వర్కర్ వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నారు. నేను డిపెండెంట్‌ని, ఒక కేర్ హోమ్‌లో పార్ట్‌టైమ్ పనికి వెళ్తున్నాను. ఫిబ్రవరిలో నాలుగేళ్లు నిండిన మా బాబు సెప్టెంబరులో రిసెప్షన్ క్లాసులో (ఇక్కడి స్కూళ్లలో మొదటి ఏడాది) చేరాలి. జనవరి 15 గడువుకు ముందే మూడు స్కూళ్ల పేర్లు రాసి నేనే దరఖాస్తు పెట్టాను. ఏప్రిల్ 16న వచ్చిన ఈమెయిల్లో ఆ మూడూ కాకుండా రెండున్నర మైళ్ల దూరంలోని మరో స్కూలు ఇచ్చారు. ఒక్క స్కూలే రాసి ఉంటే వచ్చేదని మావారు నన్ను తప్పుపడుతున్నారు. మేము కోరిన స్కూలు పక్కనే ఉండే స్నేహితుల చిరునామాతో మళ్లీ ప్రయత్నిద్దామంటున్నారు. అత్తగారేమో బాబును గుంటూరు పంపేయమంటున్నారు. ఆ స్కూలు గేటు ముందు నుంచి పార్కుకు వెళ్లినప్పుడల్లా బాబు "నా స్కూల్" అంటుంటే నాకు ఏడుపొస్తోంది, రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. వచ్చిన సీటు వద్దంటే మంచిది ఇస్తారా?

జవాబు: అమ్మా, మీ చివరి ప్రశ్నకు గడువు ఉంది కనుక దానికే ముందు జవాబు చెబుతాను. వచ్చిన సీటును వద్దనకండి. ఏ తేదీ లోపల ఒప్పుకోవాలో ఆ ఈమెయిల్లోనే ఉంటుంది; అంతదాకా ఆగకుండా ఈ రోజే ఒప్పుకోండి. ఆ సీటు తీసుకున్నంత మాత్రాన మీరు కోరిన స్కూళ్ల వెయిటింగ్ లిస్టులో బాబు వెనక్కి వెళ్లడు, అప్పీలు చేసుకునే హక్కూ పోదు. కాదంటే మాత్రం అది ఇంకొకరికి వెళ్లిపోతుంది, ఇంతకన్నా మంచిది ఇస్తారన్న భరోసా ఏమీ ఉండదు. సెప్టెంబరు నాటికి చేతిలో ఏ స్కూలూ లేని పరిస్థితి మీకు రాకూడదు.

ఇక మీవారి మాట. ఈ జవాబును ఆయనతో కలిసి చదవమని కోరుతున్నాను. ఒక్క పేరే రాస్తే ఆ సీటు తప్పక వస్తుందన్నది ఇంగ్లండ్‌లోని మనవాళ్ల మధ్య బలంగా పాతుకుపోయిన అపోహ. అక్కడి నిబంధనల ప్రకారం మీరు రాసిన ప్రతి స్కూలునూ విడివిడిగా పరిశీలిస్తారు. దాన్ని మొదట రాశారా, మూడోదిగా రాశారా అన్నదాన్ని బట్టి ఎవరికీ ప్రాధాన్యం ఇవ్వకూడదు. సీట్ల కన్నా దరఖాస్తులు ఎక్కువైనప్పుడు ప్రభుత్వ సంరక్షణలో ఉన్న పిల్లలకు మొదట, ఆ తరువాత చాలా చోట్ల అదే స్కూల్లో అన్నో అక్కో చదువుతున్న వారికి, ఆ పైన ఇంటి దూరాన్ని బట్టి మిగతా వారికి ఇస్తారు; చర్చి స్కూళ్లలో మతాచారాన్నీ చూడవచ్చు. ఒకటికి మించి స్కూళ్లలో సీటుకు అర్హత వచ్చినప్పుడు, వాటిలో ఏది ఇవ్వాలో తేల్చడానికే మీరు రాసిన వరుస పనికివస్తుంది. కాబట్టి మీరు ఒక్కటే రాసి ఉన్నా ఈ ఫలితం మారేది కాదు. మీరు గడువు దాటలేదు, ఉన్న అవకాశాలను వదులుకోలేదు. ఇద్దరూ కూర్చుని నింపవలసిన ఫారాన్ని మీరొక్కరే నింపి, ఇప్పుడు నింద కూడా మీరొక్కరే మోయడం న్యాయం కాదని మీవారికి సూటిగానే చెబుతున్నాను.

మూడు స్కూళ్ల వెయిటింగ్ లిస్టుల్లోనూ బాబు పేరు ఉందో లేదో మీ కౌన్సిల్‌ను (స్థానిక ప్రభుత్వ సంస్థను) అడగండి. కొన్ని చోట్ల వాళ్లే చేరుస్తారు, కొన్ని చోట్ల మనం అడగాలి. మీరు రాయకపోయినా ఇంటికి దగ్గరగా ఉన్న స్కూళ్లు ఇంకేవైనా ఉంటే వాటిలోనూ చేర్పించమనండి. ఈ జాబితా ముందు వచ్చిన వారికి ముందు అన్న పద్ధతిలో నడవదు. పైన చెప్పిన ప్రాధాన్య క్రమంలోనే నడుస్తుంది, అందుకే ఒక్కోసారి స్థానం వెనక్కి కూడా జరుగుతుంది, అప్పుడు కంగారు పడకండి. కనీసం డిసెంబరు 31 దాకా స్కూళ్లు దీన్ని కొనసాగించి తీరాలి. వేసవిలో కుటుంబాలు ఇళ్లు మారతాయి, కొందరు ప్రైవేటు స్కూళ్లకు వెళ్తారు, సెప్టెంబరు మొదటి వారంలో కొందరు పిల్లలు రానే రారు. అలా ఖాళీలు వస్తూనే ఉంటాయి.

అప్పీలు విషయంలో మీకు లేని ఆశ కల్పించలేను. ఇంగ్లండ్‌లో రిసెప్షన్ నుంచి ఇయర్ టూ వరకు ఒక టీచరు దగ్గర 30 మందికి మించి పిల్లలు ఉండకూడదని చట్టం ఉంది. ఆ పరిమితి కారణంగా సీటు నిరాకరించినప్పుడు, అప్పీలు వినే స్వతంత్ర ప్యానెల్ చూసేది ప్రధానంగా నిబంధనలను అమలు చేయడంలో తప్పు జరిగిందా, నిర్ణయం పూర్తిగా అసమంజసమా అన్నదే. ఇద్దరం ఉద్యోగాలు చేస్తున్నాం, బస్సులు మారాలి అన్న కారణాలు ఎంత నిజమైనా సాధారణంగా అక్కడ నిలబడవు. కాబట్టి మీ ఇంటి దూరాన్ని ఎంతగా కొలిచారో, ఆ స్కూల్లో చివరి సీటు ఎంత దూరంలోని ఇంటికి వెళ్లిందో రాతపూర్వకంగా అడగండి. మీ ఇల్లే దగ్గరని తేలితే వెంటనే అప్పీలు చేయండి. అందుకు కనీసం 20 స్కూలు పనిదినాల గడువు ఇవ్వాలి. అలా తేలకపోయినా అప్పీలు చేయడం మీ హక్కే, కానీ వేసవంతా దాని మీదే ఆశ పెట్టుకోవద్దు.

స్నేహితుల చిరునామా ఆలోచనను ఈ రోజే వదిలేయండి. కౌన్సిళ్లు కౌన్సిల్ టాక్స్ రికార్డులు, అద్దె ఒప్పందాలు చూస్తాయి. తప్పుడు వివరాలతో తెచ్చుకున్న సీటును ఇచ్చిన తరువాత కూడా రద్దు చేయగలవు. పిల్లవాడు కొత్త యూనిఫాం వేసుకుని నాలుగు వారాలు వెళ్లాక ఆ స్కూలు మాన్పించవలసి వస్తే ఆ దెబ్బ వాడికే తగులుతుంది. పైగా ఆ సీటు నిజంగా ఆ వీధిలో ఉంటున్న మరో బిడ్డది. మీరు నిజంగానే అక్కడికి ఇల్లు మారితే అది వేరే సంగతి. అద్దె ఒప్పందం చూపించి కౌన్సిల్‌కు తెలియజేస్తే కొత్త దూరం ప్రకారం జాబితాలో మీ స్థానాన్ని సవరిస్తారు.

మీ అత్తగారి మాట మనవడి మీద ప్రేమతో వచ్చిందే. అయినా నాలుగేళ్ల బిడ్డను ఒక స్కూలు సీటు కోసం తల్లిదండ్రులకు వేల మైళ్ల దూరంలో పెంచడాన్ని నేను ఒప్పుకోలేను. ఆచరణలోనూ అది నష్టమే. ఏడాదో రెండేళ్లో గడిచాక తిరిగి తీసుకొచ్చినప్పుడు, విద్యా సంవత్సరం మధ్యలో ఖాళీ ఉన్న చోటనే చేర్చవలసి వస్తుంది. ఇప్పటికన్నా ఎంచుకునే వీలు తక్కువే ఉంటుంది. ఈ మాట ఆమెకు చెప్పవలసింది మీరు కాదు, మీవారు. ఫోనులో ఆయనే చెబితే కోడలు కాదన్నదన్న మాట మీ మీదకు రాదు.

స్కూలుకు దగ్గరి నడకదారి రెండు మైళ్లు మించి ఉండి, అంతకన్నా దగ్గర స్కూళ్లలో ఖాళీ లేకపోతే, ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు, చదువు తప్పనిసరి అయ్యే వయసు నుంచి ఉచిత రవాణా కల్పించే బాధ్యత కౌన్సిల్‌ది; అంతకన్నా ముందే ఇస్తారేమో అడగండి. దీనికి విడిగా దరఖాస్తు పెట్టండి. బాబుకు వచ్చే ఫిబ్రవరిలో అయిదేళ్లు నిండుతాయి కనుక, ఈస్టర్ సెలవుల తరువాతి టర్మ్ నుంచే చదువు తప్పనిసరి. అంతవరకు సగం పూట పంపవచ్చు, చేరికను వాయిదా కూడా వేయవచ్చు, సీటు పోదు. కానీ పిల్లల స్నేహాలు సెప్టెంబరులోనే కుదురుతాయి, అందుకే సగం పూటైనా మొదటి నుంచే పంపడం మేలని నా అభిప్రాయం.

బాబుతో ఇప్పుడే మాట్లాడండి. "ఆ స్కూల్లో చోటు అయిపోయింది నాన్నా, నీకు ఇంకో స్కూల్లో చోటు ఉంచారు, చూసొద్దాం" అంటే వాడికి చాలు. వాడి ముందు ఆ ఇచ్చిన స్కూలును తక్కువ చేసి మాట్లాడకండి. మీరింకా దాన్ని చూడనేలేదని మీ ఉత్తరాన్ని బట్టి నాకనిపిస్తోంది. ఆఫ్‌స్టెడ్ (స్కూళ్లను తనిఖీ చేసే ప్రభుత్వ సంస్థ) రేటింగులను చూసి భయపడుతుంటే ఒక మాట: "ఔట్‌స్టాండింగ్" (అత్యుత్తమం) అన్న రేటింగు వచ్చిన స్కూళ్లకు 2012 నుంచి 2020 వరకు సాధారణ తనిఖీల నుంచి మినహాయింపు ఉండేది, మొత్తం స్కూలుకు ఒక్క మాటలో మార్కు వేసే పద్ధతిని 2024 సెప్టెంబరులో తీసేశారు. కాబట్టి నివేదిక ఏ సంవత్సరానిదో చూసి, లోపల రాసింది చదవండి.

ఈ పనులు మొదలుపెట్టాక కూడా రెండు మూడు వారాల పాటు నిద్ర పట్టకపోతే మీ జీపీకి (ఫ్యామిలీ డాక్టరుకు) చెప్పండి, దాన్ని చిన్న విషయంగా తీసేయకండి. ఈ వారంలోనే ఆ స్కూలుకు ఫోను చేసి, మీ ఇద్దరికీ కుదిరే సమయం అడిగి, బాబును వెంటపెట్టుకుని వెళ్లండి. ఇంట్లో తెలుగే మాట్లాడే పిల్లలకు మొదటి నెలల్లో క్లాసులో ఎవరు తోడుంటారో, సెప్టెంబరుకు ముందు కొత్త పిల్లలను ఎప్పుడు రమ్మంటారో రిసెప్షన్ టీచరునే అడగండి.