మంచుకొండల సరస్సులకు ఆ రంగు ఎక్కడిది?

ప్రశ్న: ఎత్తైన పర్వతాల్లో ఇరుకు లోయగుండా పారే ఏరు పాలలా తెల్లగా ఉంటే, అది చేరే సరస్సు నీలిపచ్చగా ఉంటుందెందుకు? అక్కడి ఊటనీటిని నేరుగా తాగవచ్చా?

జవాబు: హిమానీనదం కదులుతూ అడుగునున్న రాతిని అరగదీయడంవల్ల పిండిలాంటి మెత్తని పొడి పుడుతుంది. ఉరవడిగా పారే ఏటిలో అది దట్టంగా కలిసి ఉంటుంది. సరస్సులో వేగం తగ్గి బరువైన రేణువులు అడుగుకు దిగిపోగా, తేలుతూ మిగిలిన అతి సన్నని రేణువులు, ఎండలోని ఎరుపును నీరు పీల్చుకున్నాక మిగిలే నీలం, ఆకుపచ్చ కాంతులను వెదజల్లుతాయి. కెనడాలోని లూయీజ్ సరస్సు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. దోసిట్లోకి తీసుకుంటే మాత్రం ఆ రంగేమీ కనిపించదు కాబట్టి, ఇటువంటి సరస్సును పై గట్టునుంచి చూడటమే మేలని మా అభిప్రాయం.

ఊటనీరు నేలపొరల్లో వడకట్టుకుని తేటగా వస్తుంది గాని, ఎగువన పశువులు మేసేచోట ఆ తేటదనాన్ని నమ్మరాదు. 2,000 మీటర్లకు పైన నీరు తక్కువ వేడికే మరుగుతుంది కనుక, కనీసం 3 నిమిషాలు మరగనివ్వాలి. మంచు కరిగి పారే ఏళ్లు మధ్యాహ్నానికి పొంగుతాయి. వాటిని ఉదయమే దాటండి.