సిలబస్ ఆగకుండానే బయటి పాఠాలు

మీరొక్కరే పిల్లల్ని బయటికి తీసుకెళ్తున్నారని, మిగతా టీచర్లు సిలబస్ టెన్షన్‌తో కదలట్లేదని రాశారు కదా మేడం. మా హైస్కూల్లోనూ అదే గొడవ. బయటి పాఠాన్ని టైంటేబుల్లోకి ఎక్కించండి: ప్రతి తరగతికీ వారానికో పీరియడ్, ఆ వారం చెప్పాల్సిన పాఠమే, బడి ఆవరణలోనే.

ముందు లెక్కల మాస్టారిని పట్టుకోండి (గట్టిగా అడ్డుపడేది ఆయనే!). మీటరు కర్ర నీడ 80 సెంటీమీటర్లు, అప్పుడే జెండా స్తంభం నీడ 4.8 మీటర్లు ఉంటే స్తంభం ఎత్తు 6 మీటర్లు. సరూప త్రిభుజాలు మా పిల్లలకు అలాగే ఎక్కాయి. ఆయన్ని చూసి సైన్స్, సోషల్ వాళ్లూ దిగారు.

హెచ్‌ఎం సందేహిస్తే, 2020 జాతీయ విద్యా విధానంలో 6–8 తరగతులకు చెప్పిన 10 బ్యాగు లేని రోజులు చూపించండి. కుమ్మరి, వడ్రంగి పనులు చూపించడం అప్పుడు పెట్టుకోవచ్చు. ఒంటిపూట బడులప్పుడు మాత్రం బయటి పాఠం మొదటి పీరియడులోనే.