మేకల మందపై పడే కయోటీలకు ఏ క్యాలిబర్ రైఫిల్ తగినది?

టెక్సాస్ హిల్ కంట్రీలో 20 ఎకరాలు తీసుకుని మేకలు పెంచుతున్నారనీ, కయోటీలు (నక్కను పోలిన అడవి జంతువులు) మేకపిల్లలను ఎత్తుకుపోతున్నాయనీ చెప్పి, .223 రెమింగ్టన్, .22-250 రెమింగ్టన్, .243 వించెస్టర్ అనే క్యాలిబర్లలో (రైఫిల్‌లో పట్టే తూటా రకాల్లో) ఏది కొనాలని అడిగారు. ఇదే ప్రాంతంలో తొమ్మిదేళ్లుగా మేకలను సాకుతూ, అవి ఈనే కాలంలో ఎన్నో రాత్రులు దొడ్డి దగ్గరే కాపలా ఉన్న అనుభవంతో చెబుతున్నాను: మీకు .223 సరిపోతుంది.

ముందు మీ భూమి కొలత చూసుకోండి. 20 ఎకరాలు చదరంగా ఉంటే ఒక్కో పక్క సుమారు 311 గజాలు వస్తుంది. అందులో సీడరు, ఓక్ చెట్లు, ఇల్లు, దొడ్డి పోగా తిన్నగా చూపు ఆనే మేర 200 గజాలు దాటడం అరుదు. నేను కొట్టిన కయోటీల్లో ఎక్కువ భాగం 150 గజాల లోపే నిలబడ్డాయి. పైగా వేటలో గుండు మన సరిహద్దు దాటిపోతుందని తెలిసీ కాల్చడం, పక్క భూమివారి రాతపూర్వక అనుమతి లేకపోతే, టెక్సాస్ చట్టం ప్రకారం నేరం. కాబట్టి వెనుక మట్టిగట్టు ఉన్న చోట్లను పగటిపూటే గుర్తుపెట్టుకుని, జంతువు అక్కడికి వచ్చినప్పుడే కాల్చండి.

క్యాలిబర్ సరిగ్గానే ఎంచుకున్న నేను గుండు విషయంలో పెద్ద తప్పు చేశాను. మొదటి చలికాలంలో, చవకగా దొరికాయని, గురి సాధనకు వాడే ఫుల్ మెటల్ జాకెట్ తూటాలు (గుండుకు గట్టి లోహపు తొడుగు ఉండి, లోపల విచ్చుకోనివి) నింపాను. తెల్లవారుజామున సుమారు 120 గజాల దూరంలో పక్కకు తిరిగి నిలబడ్డ కయోటీకి గుండు ముందుకాలి వెనుక తగిలింది. అది ఒక్కసారి కుంగి, మళ్లీ లేచి సీడర్లలోకి పరుగెత్తింది. ఎండిన వాగు వెంట రెండు గంటలు వెతికితే, పెన్సిలు దూరేంత రంధ్రంతో, పెద్దగా నెత్తురు కారకుండా, ఇంకా ఊపిరితోనే కనిపించింది. మేకపిల్లలు పోయిన కోపం ఎంత ఉన్నా ఏ ప్రాణినీ అలా హింసపెట్టకూడదని నాకు ఆ ఉదయం గట్టిగా అనిపించింది. అప్పటి నుంచి కొనకు ప్లాస్టిక్ మొన ఉండి, లోపలికి దిగగానే విచ్చుకునే 55 గ్రెయిన్ల (సుమారు మూడున్నర గ్రాముల) గుండ్లనే వాడుతున్నాను. కయోటీ బరువు సాధారణంగా 25 నుంచి 35 పౌండ్లు. సెకనుకు సుమారు 3,200 అడుగుల వేగంతో బయలుదేరే అటువంటి గుండు ఛాతీలో పడితే అది చాలావరకు నిలుచున్నచోటే కూలిపోతుంది.

.22-250 అదే బరువు గుండును సుమారు 3,650 అడుగుల వేగంతో పంపుతుంది. టెక్సాస్ ఉత్తర కొసనున్న పాన్‌హాండిల్ వంటి బయలు ప్రాంతాల్లో, గాలికి ఎదురొడ్డి 300 గజాలకు కొట్టవలసినవారికి అది నిజంగా మేలు. కానీ మోత ఎక్కువ, బ్యారెల్ త్వరగా అరుగుతుంది, తూటాల ఖరీదూ ఎక్కువే. ఒకే రైఫిల్‌తో జింకల వేట కూడా చేయాలనుకుంటే మాత్రం 1955లో వచ్చిన .243 తీసుకోండి. కొందరు సూచించే .17 హెచ్‌ఎంఆర్ అనే చిన్న తూటా ఈ పనికి చాలదు.

ఒక ముఖ్యమైన విషయం. పశువులపై దాడి చేస్తున్న కయోటీని భూయజమాని చంపడానికి రాష్ట్రం హంటింగ్ లైసెన్సు అడగదు. అయితే మీరు హెచ్-1బీ వీసాపై ఉన్నట్లయితే, తుపాకిగానీ తూటాలుగానీ దగ్గర ఉంచుకోవడాన్నే ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది; ఆ చట్టంలోని మినహాయింపుల్లో మనబోటివారికి వర్తించేది చెల్లుబాటులో ఉన్న హంటింగ్ లైసెన్సే. కాబట్టి రైఫిల్ కొనకముందే లైసెన్సు తీసుకుని, గడువు దాటకుండా చూసుకోండి.

కొన్నాక, 200 గజాల దగ్గర గుండు గురిపెట్టిన చోటే తగిలేలా స్కోప్‌ను (గురి చూసే దుర్భిణిని) సరిచేయండి. అప్పుడు 55 గ్రెయిన్ల గుండు 100 గజాల దగ్గర సుమారు అంగుళంన్నర పైన, 250 గజాల దగ్గర సుమారు మూడు అంగుళాలు కింద తగులుతుంది. మీ భూమిలో వచ్చే దూరాలకు ఛాతీ మధ్యలో గురిపెడితే చాలు.